వదినా, నూగు బొంతా, రెండు రాత్రులూ

పలాస వెళ్ళొచ్చామని చెప్పగానే మా వీధిలో అందరిదీ ఒకటే ప్రశ్న: "జీడిపప్పు తెచ్చారా?" తెచ్చాం. కానీ మేం వెళ్ళింది జీడిపప్పు కోసం కాదు, బొంత కోసం. బొంత కొనడానికి కూడా కాదు, కొన్న బొంత పనికొస్తుందో లేదో తేల్చుకోవడానికి. వెళ్ళే ముందు ఈ మాట చెబితే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను, నవ్వుకోండి.

మేమంటే నేనూ, మా వదిన మాణిక్యమూ. నేను కాకినాడలో హైస్కూల్లో సైన్సు చెబుతాను. నాకు యాభై అయిదు. వదిన మా పెద్దన్నయ్య భార్య, అరవై ఒకటి. కిందటి దసరాల్లో పప్పులోకి పోపు వేస్తూ, "సుజాతా, నేనోసారి మంచుకొండల్లో నడవాలే," అంది. అన్నయ్య పేపరు దించి, "ఫ్యాను రెండులో పెడితే మూడు దుప్పట్లు అడుగుతావు, నీకు మంచుకొండలా?" అన్నాడు. పోపు మాడిపోయింది. నలభై ఏళ్ళలో ఆవిడ చేతిలో పోపు మాడటం నేను చూడలేదు. అందుకని ఆ కోరిక ఊరికే అన్నది కాదని తెలిసింది.

వచ్చే మే నెలలో జరిగే ఆరు రోజుల మంచుకొండ నడకకి ఇద్దరి పేర్లూ ఇచ్చేశాను. చిక్కంతా వదిన నడుముతోనే. రెండేళ్ళ కిందట డిస్కు జారింది. వీపు మీద అయిదు కిలోలు దాటకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆ నడకలో ఎవరి పడక వాళ్ళే మోసుకోవాలి. పైగా వదినకి చలి అంటే పులి.

విశాఖపట్నంలో ఒక దుకాణంలో రెండు బొంతలు చూపించారు. ఒకటి నైలానులాంటి పోగులతో నింపింది. తడిసినా భయం లేదు గానీ కిలోంపావు బరువు. రెండోది బాతు నూగుతో నింపింది, ఆరువందల యాభై గ్రాములు. నూగంటే ఈక కాదు. ఈకల కింద, పొట్ట దగ్గర ఉండే మెత్తటి బూరు. అది పొంగితే మధ్యలో గాలి నిలుస్తుంది, ఆ గాలే మనకి వెచ్చదనం. పొంగు తగ్గిందా, ఇక అది ఒట్టి గుడ్డ. "తడి మాత్రం తగలనివ్వకండి మేడమ్," అన్నాడు దుకాణం అబ్బాయి. నూగుదే కొన్నాం. వారంలోపల మరక లేకుండా తెస్తే మార్చి పోగుల బొంత ఇస్తానన్నాడు.

వదిన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి అడుగేదీ? డబ్బులన్నీ తీసుకుని సగమే కుట్టారా?" అంది. మన ఒంటి కింద నలిగిన నూగు ఎలాగూ వెచ్చగా ఉండదని, అందుకే అడుగు తీసేసి బరువు తగ్గించారని, కింద చాప వేసుకోవాలని చెప్పాను. వెనక బెంచీ పిల్లలు నన్ను చూసినట్టు చూసింది.

ఆ రోజే షరతు పెట్టింది. "రెండు రాత్రులు ఆరుబయట పడుకుంటాను. చలి వెయ్యకుండా నిద్ర పడితే వస్తాను. పట్టకపోతే ఇంక ఈ ఊసు నా దగ్గర ఎత్తకు. మీ అన్నయ్య దగ్గర కూడా ఎత్తకు."

కాకినాడ చలి చలే కాదు. పలాస చుట్టుపక్కల ఉద్దానంలో పుష్యమాసంలో తెల్లారితే కొబ్బరాకుల మీంచి మంచు చినుకుల్లా రాలుతుందని, టెక్కలి నుంచి వచ్చిన మా లెక్కల మాస్టారు చెబుతూ ఉండేవారు. మంచుకొండల ముందు ఆ చలి ఏ మూలకి? అయినా అక్కడ ఓడిపోయేవాళ్ళకి కొండల సంగతి ఎందుకు? బయల్దేరాం.

టెక్కలి దాటాక, పిట్టల ఊరు

టెక్కలిలో ఇడ్లీ తిని తేలినీలాపురం వెళ్ళాం. చలికాలంలో ఎక్కడి నుంచో ఎగిరొచ్చిన గూడబాతులూ, ఎర్రకాళ్ళ కొంగలూ ఆ ఊరి చింతచెట్ల మీద గూళ్ళు పెట్టుకుంటాయి. ఇళ్ళ మధ్య చెట్లే, ఇళ్ళ మీదే రొద. మా వైపు పెళ్ళి పందిట్లో కూడా అంత గోల ఉండదు. నేను నోరు తెరుచుకుని పైకి చూస్తుంటే నా సంచీ మీద ధారగా ఒక రెట్ట పడింది. వదిన గబగబా తన సంచీని పమిటతో కప్పేసి, "బొంత నా దగ్గరుంది కాబట్టి సరిపోయింది," అంది. నా సంచీ తుడిచే ఆలోచన మాత్రం చెయ్యలేదు.

ఆ రాత్రి మాకు చోటిచ్చింది దాలమ్మ. డెబ్భై దగ్గర్లో ఉంటుంది, ఒక్కతే. ఆవిడ పెరట్లోని చెట్టు మీద నేను లెక్కపెట్టినవే పదిహేడు గూళ్ళు. చేపల వాసన, రెట్టల వాసన కలిసి ముక్కు అదిరిపోతోంది. ఇంత వాసన ఎలా భరిస్తున్నావమ్మా అని అడిగాను.

"పురిటికొచ్చిన ఆడపిల్లలమ్మా ఇయ్యి," అంది దాలమ్మ. "పురిటింట్లో వాసన రాదేటి? మా ఊర్లో పిల్లగుంటలు కూడా రాయి ఇసరరు. ఓ ఏడు రావడం ఆలీసమైతే ఊరంతా మొకం ఏలాడేసుకుంటాది."

సాయంత్రం వదిన సంచీలోంచి బొంత తీసింది. పిడికెడంత మూట విప్పగానే మెల్లగా ఊపిరి పీల్చుకుంటున్నట్టు ఉబ్బింది. దాలమ్మ దాన్ని అరచేతిలో ఎత్తి చూసింది.

"ఓలమ్మ, ఏటిది, ఇంత తేలిగ్గున్నాది? ఏటుంటాది ఇందులో?"

దూది అని చెప్పెయ్యమని నేను కళ్ళతో సైగ చేశాను. వదినకి అబద్ధం ఆడటం రాదు. "బాతు నూగమ్మా," అంది.

దాలమ్మ చెయ్యి ఆగింది. తలెత్తి చెట్టు వైపు చూసింది. "బాతంటే మా గూడబాతుల్లాంటిదేనా?"

"కాదమ్మా, పెంచుకునే బాతులు. మాంసానికి పెంచినవి," అన్నాను నేను.

"బతికున్నదాన్ని పీకేరా, సచ్చినాక తీసేరా?"

చచ్చాక తీసిందేనని బొంతకి కుట్టిన చీటీ మీద రాసుందని చెప్పాను.

"సీటీ మీద ఎవులేటైనా రాత్తారు," అంది.

రంగూ, బరువూ, కుట్టూ అన్నీ చూసి కొన్నాను గానీ ఆ ప్రశ్న అంత సూటిగా నన్ను నేనే అడుక్కోలేదు. నిజంగా సిగ్గేసింది. వదిన బొంతని ఒళ్ళో పెట్టుకుని తల దించుకుంది. దాలమ్మే కాసేపటికి మెత్తబడి, "పోన్లే తల్లీ. సలికి ఆగనేకే కదేటి. ఆ బాతుకో దండం ఎట్టుకుని కప్పుకో," అంది. వదిన నిజంగానే బొంతని కళ్ళకద్దుకుని దండం పెట్టుకుంది. ఆ తర్వాత రోజూ అలాగే చేస్తోంది.

రెట్టలు పడతాయని పెరట్లో కాకుండా, మూడు వైపులా తెరిచున్న వసారాలో ఇద్దరం చాపలు వేసుకున్నాం. నాకు మామూలు రగ్గు, వదినకి నూగు బొంత. తెల్లారి లేచి చూసేసరికి వదిన గోడకి చేరబడి, నా రగ్గు సగం లాక్కుని, దాలమ్మ ఇచ్చిన పాత చీరలు రెండు చుట్టుకుని కూర్చుంది. పెదాలు తెల్లగా ఉన్నాయి. బొంత పక్కన పడుంది. తల వైపు చెయ్యి పెడితే తేమగా ఉంది. రాత్రి పూరీలా పొంగినది అక్కడ అప్పడంలా అయిపోయింది.

"మొదట్లో కుంపటి పక్కన పడుకున్నట్టే ఉంది సుజాతా," అంది వదిన. "కోడి కూసేవేళకి మెడ దగ్గర్నించి మొదలైంది. ఒక రాత్రి పోయింది."

నేను మంచుని తిట్టాను, దుకాణం వాణ్ణి తిట్టాను, చివరికి వసారా ఎత్తుని కూడా తిట్టాను. వదిన ఎవర్నీ తిట్టలేదు. దాలమ్మ పెట్టిన చోడి అంబలి ఉల్లిపాయ నంజుకుంటూ నెమ్మదిగా తాగింది. చోళ్ళంటే మా వైపు రాగులే. మా ఇంట్లో దాన్ని షుగరు వచ్చినవాళ్ళకి మందులా ఇస్తాం. ఇక్కడ మాత్రం ఇష్టంగా గ్లాసుల కొద్దీ తాగుతారు. వదిన మొహంలో నాకు కనిపించింది చలి కాదు. అన్నయ్య అన్న మాటే నిజమైందన్న నీరసం. అది చూశాక నా గ్లాసు పక్కన పెట్టేశాను.

పలాస, నీలవేణి వేళ్ళు

పలాసలో దిగేసరికి తొమ్మిది దాటినా మంచు విడవలేదు. ఎండ లేదు, బొంత ఆరదు. జీడిపప్పు బట్టీల వీధిలో గాలంతా కమ్మగా, కాస్త ఘాటుగా ఉంది. వదిన నడుం పట్టుకుని ఒక అరుగు మీద కూలబడింది. ఆ అరుగు మీద ముగ్గురు ఆడవాళ్ళు చేటలు ముందేసుకుని పప్పుకి పొట్టు తీస్తున్నారు. మధ్యలో కూర్చున్నావిడ పేరు నీలవేణి, నలభై ఏళ్ళుంటాయి. చూపు మా మీదే, వేళ్ళు మాత్రం ఆగడం లేదు. పప్పుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్కసారి దొర్లిస్తుంది, పొట్టు రాలిపోతుంది, పప్పు విరగదు. విరగని పప్పు గుండు, రెండుగా చీలితే బద్ద. గుండు ధర వేరు, బద్ద ధర వేరు. అందుకే ఆ వేళ్ళకి అంత జాగ్రత్త.

నేను బొంత విప్పి అరుగు మీద పరిచాను. "ఏటమ్మా అది, తడిసిపోనాదా?" అని నీలవేణి చేతులు కొంగుకి తుడుచుకుని దగ్గరికి వచ్చింది. కాళ్ళ వైపు నుంచి మొదలుపెట్టి కుట్టుగీతల మధ్య గడి గడికీ వేళ్ళతో నొక్కుకుంటూ పైకొచ్చింది. పైనున్న రెండు వరసల దగ్గర ఆగింది.

"ఈ పక్కంతా బాగున్నాది. ఈ సివరే ఉండలు కట్టేసినాది. మంచైతే అంతటా పడాలి కదేటి?" అని వదిన వైపు తిరిగింది. "అప్పా, మొకం మీద కప్పుకుని తొంగున్నావా?"

వదిన తెల్లబోయింది. "నాకు ముసుగు తన్నందే నిద్ర పట్టదమ్మా. చిన్నప్పటి... పెళ్ళైన దగ్గర్నించీ అలవాటు."

"అదీ సంగతి! ఏడేడి పప్పు సేటలో పోసి పైన గుడ్డ కప్పేమనుకో, సెమటోడి మెత్తబడిపోతాది. కొత్తగా పనికొచ్చినోల్లు సేసే తప్పే అది. మంచు కాదమ్మా, ఇది నీ ఊపిరి."

ముప్ఫై ఏళ్ళుగా ఆవిరి నీరవుతుందని బోర్డు మీద బొమ్మలేసి చెబుతున్నాను. రాత్రంతా వదిన ఊపిరి ఆ నూగులోకి పోయి నీరవుతోందని నా బుర్రకి తట్టలేదు. తట్టనందుకు నా మీద నాకే చిర్రెత్తింది. వదిన మాత్రం నన్ను చూపించి, "ఈవిడ సైన్సు టీచరమ్మా," అని రెండు రోజుల్లో మొదటిసారి పకపకా నవ్వింది.

పప్పు ఆరబెట్టే వేడి గదిని అక్కడ బోర్మా అంటారు. బొంతని లోపల పెడితే మాడిపోతుందని, దాని వెనక గోడ దగ్గర తాడు కట్టి ఆరేసింది నీలవేణి. గోడ గోరువెచ్చగా ఉంది. గంట తర్వాత దించి, ముగ్గురూ తలో గడి పట్టుకున్నారు. పైగుడ్డ మీంచే ఉండని వేళ్ళ మధ్య పట్టి, పప్పుని దొర్లించినట్టే దొర్లిస్తున్నారు. ఉండ విడిపోయి లోపల నూగు పరుచుకుంటోంది. నేను ప్రయత్నిస్తే, "అంత గట్టిగా పట్టకు మేష్టారమ్మా, బద్దైపోద్ది," అని నా చెయ్యి తీసేశారు. వదినకి మాత్రం రెండు నిమిషాల్లో పట్టుబడింది. నలుగురూ వరసగా కూర్చుని, పిల్లల గురించీ నడుం నొప్పుల గురించీ మాట్లాడుకుంటూ, రెండు గంటల్లో ఆ రెండు వరసలనీ మళ్ళీ పొంగించారు.

డబ్బులిస్తే తీసుకోలేదు. "పప్పు కొనుక్కెల్లండి. కూరలోకైతే బద్దలే సాలు, గుండెందుకు దండగ," అంది. అందుకే మా వీధివాళ్ళకి పంచినవన్నీ బద్దలు. బయల్దేరబోతుంటే, రాత్రికి ఎక్కడ ఉంటారని అడిగింది. బారువ అన్నాం. "మా కన్నోరిది బారువే! మా అమ్మ పోలమ్మని అడగండి," అని ఫోన్ చేసి చెప్పేసింది.

బారువ, తెరిచిన మొహం

బారువలో పోలమ్మ ఇల్లు ఇసుకలోనే. ముందు వలలు, పక్కన పందిరి మీద ఎండు చేపలు, ఎదురుగా ఒడ్డుకి లాగిన పడవలు. మధ్యాహ్నం నెత్తళ్ళు, వంకాయ కలిపి పులుసు పెట్టింది. మేమైతే నెత్తళ్ళలో చింతకాయ వేస్తాం. వదిన రెండోసారి అన్నం కలుపుకుని, "ఇంటికెళ్ళాక వంకాయే," అని తేల్చేసింది.

సాయంత్రం ఇద్దరం పడవ నీడన కూర్చున్నాం. "ఇవాళ మొహం తెరిచి పడుకో వదినా. తలకి మంకీ క్యాప్ పెట్టుకో, బొంత మెడదాకా లాక్కో, అంతే," అన్నాను.

"అదే కష్టం," అంది. కాసేపు ఇసుకలో వేలితో గీతలు గీసింది. "మీ ఇంటికి వచ్చేసరికి పదకొండు మందిమి. మీ అన్నయ్యకి ఎప్పుడూ నైట్ డ్యూటీలే. నేను మీ అమ్మగారి పక్కన, హాల్లో. నాకంటూ గది మాట అటుంచు, ఓ గోడ కూడా లేదు. ఏడవాలన్నా, ఏదైనా తలుచుకుని నవ్వుకోవాలన్నా దుప్పటి లోపలే. ముసుగు తన్నానంటే తలుపేసుకున్నట్టు. అదే నా గది సుజాతా."

రోజూ పొద్దున్నే ఆ తలుపు లాగేసింది నేనే. అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. లేవగానే వదిన పక్క దగ్గరికి పరిగెత్తుకెళ్ళి, మొహం మీది దుప్పటి సర్రున లాగి, "వదినా, కాఫీ!" అని అరిచేదాన్ని. ఇంట్లో అందరూ నవ్వేవాళ్ళు. ఆడపడుచు ముద్దు అనుకునేవాళ్ళు, నేనూ అనుకున్నాను.

"నేను లాగేసేదాన్ని కదూ," అన్నాను.

"లాగేదానివి. ఒక్కోసారి నీ మీద పళ్ళు నూరేదాన్ని." నా మోకాలి మీద చెయ్యి వేసింది. "చిన్నపిల్లవి. నీకేం తెలుసు?"

ఆ చెయ్యి మీద నా చెయ్యి వేసి చాలాసేపు ఉంచాను. ఇన్నేళ్ళూ ఆవిడకి నేను చేసిన ఉపకారాలే లెక్కేసుకున్నాను గానీ ఇది ఎప్పుడూ నా తలపుకి రాలేదు.

పడవ పక్కనే ఇసుకలో చాపలు వేస్తుంటే పోలమ్మ వచ్చి, మంకీ క్యాప్‌లో ఉన్న వదినని చూసి నవ్వింది. ముసుగు సంగతి చెప్పాం. "మా మగోల్లు సంద్రంలో ఎంత సలైనా మొకం తెరిసే తొంగుంటారమ్మా," అంది. "గాలి మారితే ముందు తెలిసీది మొకానికే. కప్పేసుకుంటే ఏటి తెలుత్తాది?" వదిన ఆ మాట విని ఊఁ కొట్టింది. బొంత కళ్ళకద్దుకుని, వాసన చూసి, "జీడిపప్పు, ఎండుచేప. ఇంక దీన్ని ఏ దుకాణం వాడూ మార్చడు," అని పడుకుంది. మెడదాకానే కప్పుకుంది. పిడికిట్లో మాత్రం బొంత అంచు గట్టిగా పట్టుకుని ఉంది.

నాకు తెల్లవారుజామునే మెలకువ వచ్చింది. సముద్రం మీంచి గాలి రివ్వున కొడుతోంది. భయం భయంగా పక్కకి చూశాను. వదిన వెల్లకిలా పడుకుని ఉంది. మొహం తెరిచే ఉంది. కనుబొమల మీద మంచు చిన్న చిన్న చుక్కలుగా నిలిచింది. పిడికిలి విడిపోయింది. నోరు కొంచెం తెరిచి, సన్నగా గురక పెడుతోంది. బొంత గుండెల మీద లేస్తూ దిగుతూ ఉంది.

నలభై ఏళ్ళుగా ఒకే ఇంటి మనుషులం. నిద్రలో వదిన మొహం, నేను దుప్పటి లాగకుండా, చూడటం అదే మొదటిసారి. కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి.

పోలమ్మ రెండు గ్లాసుల టీ తెచ్చి, "లేపమ్మా, సల్లారిపోద్ది," అంది. వద్దని చేత్తో ఆపాను. నా టీ తాగేశాను. వదిన టీ మీద మీగడ కట్టింది. పడవలు నీళ్ళలోకి తోశారు, కేకలు వేశారు, ఎండ వచ్చి కాళ్ళ మీద పడింది. నేను కదల్లేదు.

ఎప్పటికో వదిన తనంతట తాను కళ్ళు తెరిచింది. ఆకాశం కనిపించి ఒక్క క్షణం కంగారుపడింది. తర్వాత నన్ను చూసింది, పక్కనున్న టీ గ్లాసు చూసింది, వేలు పెట్టి చూసింది.

"చల్లారిపోయింది. లేపలేదేం?"

"నువ్వే లేస్తావని."

వదిన నా వైపు చాలాసేపు చూసింది. చల్లారిన టీ మొత్తం తాగింది.

"చలేసిందా?" అన్నాను.

"ముక్కుకి వేసింది," అంది. "తక్కినదానికి తెలీలేదు."

"మరి షరతు? ఒకటి ఓడావు, ఒకటి గెలిచావు."

వదిన లేచి బొంత దులిపి, పొంగు వేళ్ళతో ఒకసారి సరిచూసుకుని, నన్ను ముట్టుకోనివ్వకుండా తనే చిన్న సంచీలోకి కుక్కింది. సంచీ వీపుకి తగిలించుకుని, పట్టీ బిగించింది.

"మూడోది కొండ మీద చూసుకుందాం," అంది. "మీ అన్నయ్యకి ఫోన్ చెయ్యి. నేనే చెబుతాను."